అప్పు దావాలో ఏకపక్ష డిక్రీ రద్దు: విచారణకు సిద్ధమయ్యేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోనోటు అప్పుపై దావా పడిందని కొందరికి తెలియనే తెలియదు. కొందరికి తెలిసినా ఏదో కారణంతో వాయిదాకు వెళ్లలేకపోతారు. చివరికి ఒకరోజు కోర్టు అమీను జప్తు వారంటు పట్టుకుని గుమ్మం ముందు నిలబడతాడు. అప్పుడు పరుగెత్తుకుంటూ లాయరు దగ్గరికి వస్తారు. ఇలా వచ్చినవారు పదేపదే అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సివిల్ కోర్టుల్లో నడిచే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని రాశాను. మీ కేసు కాగితాలు చూసిన న్యాయవాది ఇచ్చే సలహాకు ఇది బదులు కాదు. అయితే ఆ న్యాయవాది దగ్గరికి ఏమేం పట్టుకెళ్లాలో, ఏమేం అడగాలో దీనివల్ల తెలుస్తుంది.

ఏకపక్ష డిక్రీ అంటే ఏమిటి?

దావాలో ప్రతివాది హాజరు కానప్పుడు, వాది చెప్పినది, చూపిన పత్రాలు మాత్రమే చూసి కోర్టు ఇచ్చే డిక్రీ, అంటే ఎవరు ఎవరికి ఎంత కట్టాలో తేల్చే ఉత్తర్వు. కోర్టుల్లో దీన్ని ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. దీన్ని రద్దు చేయమని అదే కోర్టును అడిగే హక్కు సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని ఆర్డర్ 9, రూల్ 13 ఇస్తుంది. కింద వేరే చట్టం పేరు చెప్పని చోట ఆర్డర్లు, రూళ్లు, సెక్షన్లు అన్నీ ఈ కోడ్‌లోనివే. డిక్రీ ఇంకా రాకుండా, మిమ్మల్ని ఎక్స్‌పార్టీగా ప్రకటించిన దశలోనే విషయం తెలిస్తే దారి మరింత సులువు. అప్పుడు ఆర్డర్ 9, రూల్ 7 కింద పిటిషన్ వేయాలి. అక్కడ కోర్టు కోరే కారణం కూడా కాస్త తేలికైనది.

ఆ విచారణలో జడ్జి ఏం తేలుస్తారు? అప్పు ఉందా లేదా అనేదేనా?

అది కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అప్పు తీర్చేశామని, వడ్డీ అన్యాయమని, అవతలివాడు మోసగాడని చెప్పడానికి సిద్ధపడి వస్తారు. ఆరోజు జడ్జి ముందున్న ప్రశ్న వేరు: ఫలానా తేదీన మీరు కోర్టుకు ఎందుకు రాలేదు?

చట్టం రెండే కారణాలను ఒప్పుకుంటుంది. ఒకటి, సమన్లు మీకు సరిగా అందలేదు. రెండు, అందాయి కానీ కేసు పిలిచిన రోజు రాలేకపోవడానికి తగిన కారణం ఉంది. రెండింటిలో ఏది మీ కేసో ముందే తేల్చుకోండి. ‘సమన్లు అందలేదు, ఒకవేళ అందినా ఆరోగ్యం బాగాలేదు’ అని రెండూ కలిపి రాస్తే మొదటిదీ నమ్మరు, రెండోదీ నమ్మరు.

ఇంకో సంగతి. మీ గైర్హాజరీకి కారణం చూపాల్సింది, కోర్టు మిమ్మల్ని ఎక్స్‌పార్టీగా ప్రకటించడానికి ఆధారం చేసుకున్న ఆ రోజుకే. అంతకుముందు ఎన్నో వాయిదాలకు రాలేదు కదా అని పిటిషన్ కొట్టేయకూడదని జి.పి. శ్రీవాస్తవ కేసులో (2000) సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ తేదీ ఏదో మీకు ఖచ్చితంగా తెలిసి ఉండాలి. వచ్చిన కక్షిదారులను నేను మొదట అడిగేది అదే. చాలామంది దగ్గర సమాధానం ఉండదు.

ఎన్ని రోజుల్లోగా పిటిషన్ వేయాలి?

డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందని సందర్భంలో, డిక్రీ గురించి మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఇది లిమిటేషన్ చట్టం, 1963లోని 123వ ఆర్టికల్. పత్రికా ప్రకటన వంటి ప్రత్యామ్నాయ పద్ధతిలో, అంటే ఆర్డర్ 5, రూల్ 20 కింద సమన్లు జారీ అయితే, ఈ గడువు లెక్క వరకు దాన్ని సరైన అందజేతగా భావించకూడదని అదే ఆర్టికల్ వివరణలో ఉంది. మారుమూల ఊళ్లో ఉండి, ఏనాడూ చూడని పత్రికలో వచ్చిన ప్రకటనతో డిక్రీ పడినవారికి ఇది గొప్ప ఆసరా.

గడువు దాటితే రెండు పిటిషన్లు కావాలి. మొదటిది, ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద. రెండోది డిక్రీ రద్దు కోసం. మొదటిది అనుమతించేదాకా రెండోదానికి సాధారణంగా నంబరు కూడా పడదు. తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లోపే వచ్చామన్న ధైర్యం ఉన్నా, అనుభవమున్న న్యాయవాదులు ముందుజాగ్రత్తగా ఆలస్యం పిటిషన్ కూడా వేస్తారు. సమన్లు అందాయని కోర్టు తేలిస్తే గడువు లెక్క మొత్తం వెనక్కి వెళుతుంది కనుక, ఆ జాగ్రత్త అవసరమే.

ముందుగా ఏ కాగితాలు సంపాదించాలి?

లాయరుకు వకాల్తా ఇచ్చిన రోజే కోర్టు రికార్డు చూడటానికి, సర్టిఫైడ్ నకళ్లకు దరఖాస్తు చేయించండి. ఇంట్లో కూర్చుని ఊహించిన కథకు, రికార్డులో ఉన్న వాస్తవానికి చాలాసార్లు పొంతన ఉండదు. కేసు నంబరు తెలియకపోతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ మీ పేరుతో వెతకవచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. అది దొరికితే ఏయే తేదీన ఏం జరిగిందో వరుసగా కనిపిస్తుంది.

వాదపత్రం, ప్రోనోటు, తీర్పు, డిక్రీ నకళ్లు ఎలాగూ కావాలి. కానీ రద్దు పిటిషన్‌కు ప్రాణం లాంటివి వేరే ఉన్నాయి: తిరిగొచ్చిన సమన్ల కాగితం, దాని వెనుక అమీను రాసిన ఎండార్స్‌మెంటు (ఎలా అందించాడో చెప్పే రాత), రిజిస్టర్డ్ పోస్టు రసీదు కార్డు లేదా తిరిగొచ్చిన కవరు, పత్రికా ప్రకటన ఉంటే దాని కాపీ, ప్రతి వాయిదాకు జడ్జి రాసిన డాకెట్ ఆర్డర్లు. ‘ఇంట్లో లేరు, తలుపుకు అంటించాను’ అన్న మాట కింద సాక్షి సంతకం ఉందా? ఆ సాక్షి మీ ఊరివాడేనా? కార్డు మీద సంతకం ఎవరిది? కవరు మీద పోస్టుమాన్ ఏం రాశాడు? ఈ చిన్న అక్షరాల మీదే కేసు నిలుస్తుంది లేదా కూలుతుంది.

‘సమన్లు నాకు అందలేదు’ అంటే సరిపోతుందా?

సరిపోదు. ఎలా అందలేదో చూపాలి. అందించే పద్ధతులు ఆర్డర్ 5లో ఉన్నాయి. వీలైనంతవరకు స్వయంగా ప్రతివాదికే ఇవ్వాలి. ఆయన ఇంట్లో లేక, తగినంత సమయంలో దొరికే అవకాశం లేనప్పుడు, ఆయనతో కలిసి ఉంటున్న కుటుంబసభ్యుల్లో పెద్దవారికి, ఆడవారైనా మగవారైనా ఇవ్వవచ్చు. పనిమనిషి కుటుంబసభ్యుల కిందికి రారు. ఎవరూ తీసుకోకపోతే ఇంటి తలుపుకు అంటించి, ఎప్పుడు, ఎలా, ఎవరి ముందు అంటించారో అమీను నివేదిక రాయాలి. ఇవేవీ కుదరవని కోర్టుకు నమ్మకం కుదిరాకే పత్రికా ప్రకటనకు వెళ్లాలి.

మీ కేసులో ఈ వరుసలో ఎక్కడ తప్పు జరిగిందో వెతకండి. అయిదేళ్ల కిందట వదిలేసిన అద్దె ఇంటి చిరునామా ఇచ్చారా? పదేళ్ల పిల్లవాడి చేతికి ఇచ్చారా? ఒక్కసారైనా ఇంటికి రాకుండానే పత్రికలో వేశారా? అయితే ఆధార్ కార్డు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం, ఓటరు జాబితా, ఉద్యోగం చేసే చోట ఇచ్చిన ధ్రువపత్రం వంటి వాటితో అప్పుడు మీరు నిజంగా ఎక్కడ ఉన్నారో చూపండి.

ఒక హెచ్చరిక. అందజేతలో చిన్న లోపం ఉన్నంత మాత్రాన డిక్రీ రద్దు కాదు. వాయిదా తేదీ మీకు తెలుసని, వచ్చి జవాబు చెప్పుకోవడానికి తగినంత సమయం ఉందని కోర్టు నమ్మితే, ఆ లోపాన్ని పక్కన పెట్టాలని రూల్ 13లోనే ఉంది. అలాగే రిజిస్టర్డ్ కవరును వద్దని తిప్పి పంపితే అందినట్టే లెక్క. ‘తీసుకుంటేనే కేసు, తీసుకోకపోతే ఏమీ లేదు’ అన్న నమ్మకం పల్లెల్లోనే కాదు, చదువుకున్నవారిలోనూ ఉంది. ఆ నమ్మకం వల్ల ఇళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. దయచేసి కోర్టు కవరును ఎన్నడూ తిప్పి పంపకండి.

సంతకం మీదే అయితే కాదనకండి. వకాల్తా మీద, ప్రమాణపత్రం మీద మీ సంతకాలు అప్పటికే కోర్టు ముందు ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూడటానికి జడ్జికి నిమిషం పట్టదు.

తగిన కారణం అంటే ఏవి?

చట్టం జాబితా ఇవ్వలేదు. నిర్లక్ష్యం లేకుండా, వచ్చేందుకు నిజంగా ప్రయత్నించి కూడా రాలేకపోయారా అన్నదే గీటురాయి. పరిమళ్ కేసులో (2011) సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది.

మన కోర్టుల్లో ఎక్కువగా కనిపించే కారణం పచ్చకామెర్లు. నాటుమందు తిన్నానని, పథ్యం ఉన్నానని, అందుకే బిల్లులు లేవని ప్రమాణపత్రాల్లో రాస్తారు. ఒకే మాట వందలసార్లు చదివిన జడ్జికి నిజంగా కామెర్లు వచ్చినవాడి మాట కూడా అనుమానంగానే వినిపిస్తుంది. అందువల్ల మీకు నిజంగానే వచ్చి ఉంటే రెట్టింపు కష్టపడాలి. రక్తపరీక్ష కాగితం, మందు ఇచ్చిన వ్యక్తి వాంగ్మూలం, ఆ రోజుల్లో పనికి వెళ్లలేదని చూపే హాజరు పట్టీ, ఏది ఉంటే అది తీసుకురండి. రాకపోయి ఉంటే ఆ మాట అసలు రాయించకండి. టైపిస్టు దగ్గరున్న పాత నమూనాలో పేరు మార్చి సంతకం పెట్టమంటే పెట్టకండి. ఆ ప్రమాణం మీది, రేపు బోనులో జవాబు చెప్పాల్సింది మీరే.

ఒక ఉదాహరణ అనుకుందాం. పాలమూరు నుంచి భవన నిర్మాణ పనికి ముంబయి వెళ్లిన కూలీ ఇంటికి సమన్లు వచ్చాయి, ముసలి తల్లి వేలిముద్ర వేసి తీసుకుంది. ఆమెకు చదువు రాదు, అది ఏమిటో కొడుక్కి చెప్పలేకపోయింది. ఇక్కడ సమన్లు అందలేదనే వాదన బలహీనం. తల్లి పెద్దవయసు కుటుంబసభ్యురాలు, కలిసి ఉంటున్న మనిషి కూడా. కానీ తగిన కారణం బలంగా ఉంది. మేస్త్రీ వాంగ్మూలం, కూలి జమ అయిన బ్యాంకు ఖాతా, రైలు టికెట్లు, తల్లి సాక్ష్యం కలిస్తే వినే జడ్జికి నమ్మకం కుదురుతుంది. అదే మనిషి సమన్లు రానే లేదని ప్రమాణం చేసి, తర్వాత వేలిముద్ర బయటపడితే అసలు కారణం కూడా కొట్టుకుపోతుంది.

లాయరు తప్పిదం మరో కారణం. వాయిదా చెప్పలేదనో, కేసు చూడలేదనో అంటుంటారు. లాయరు తప్పుకు కక్షిదారును శిక్షించరాదని సుప్రీంకోర్టు రఫీక్ కేసులో (1981) అన్నది నిజమే. కానీ లాయరుకు అప్పగించి ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా ఫోను చేయని వారిని కోర్టులు అంత తేలికగా క్షమించడం లేదు. మీరు ఫోను చేసిన వివరాలు, పంపిన వాట్సాప్ సందేశాలు, ఫీజు చెల్లింపు రుజువులు ఉంటే భద్రపరచండి.

చాలా ఆలస్యమైంది. అసలు వింటారా?

వింటారు. ఎన్ని రోజుల ఆలస్యమన్నది కాదు, వివరణ నమ్మదగినదా అన్నదే ముఖ్యమని ఎన్. బాలకృష్ణన్ కేసు (1998) చెబుతోంది. కొన్ని రోజుల ఆలస్యానికే తిరస్కరణ వచ్చిన సందర్భాలున్నాయి, ఏళ్ల ఆలస్యాన్ని మన్నించిన సందర్భాలూ ఉన్నాయి.

సిద్ధమయ్యే పద్ధతి ఒకటి చెబుతాను. ఒక కాగితం మీద ఎడమ వైపు తేదీలు, కుడి వైపు ఆ రోజుల్లో మీరెక్కడున్నారో, ఏం చేశారో రాయండి. మూడో వరుసలో దానికి రుజువేమిటో రాయండి. డిక్రీ తేదీ నుంచి పిటిషన్ వేసిన రోజు దాకా ఖాళీ ఉండకూడదు. డిక్రీ సంగతి తెలిసిన తర్వాత గడిచిన రోజులను మరింత జాగ్రత్తగా నింపండి. అంతకుముందు తెలియదు కాబట్టి రాలేదన్న మాట చెల్లుతుంది. తెలిశాక నాలుగు నెలలు ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్నకే చాలామంది తడబడతారు.

అప్పు నిజమే. అయినా రద్దు అడగవచ్చా?

అడగవచ్చు. అప్పు తీసుకోవడం వేరు, డిక్రీలో రాసిన మొత్తం అంతా బాకీ ఉండటం వేరు. మధ్యలో కట్టిన సొమ్ము ప్రోనోటు వెనుక చెల్లు రాయకుండా పాత అసలుపైనే దావా వేసి ఉండవచ్చు. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ నోటులో పెద్ద మొత్తం నింపి ఉండవచ్చు. నోటు తేదీ నుంచి మూడేళ్లు దాటాక దావా పడి ఉండవచ్చు. చాలా ప్రోనోటు దావాలు ఆ మూడేళ్లు నిండే చివరి రోజుల్లోనే పడతాయి కనుక, దావా దాఖలు తేదీని, నోటు వెనుక రాసిన చెల్లుల తేదీలను ఒకటికి రెండుసార్లు చూడండి. వాటి మీదున్న సంతకాలు మీవో కావో కూడా చూడండి. గడువు తీరాక చెల్లు రాసినట్టు చూపిస్తే అది దావాను బతికించదు.

నోటు మీద సంతకం ఒప్పుకుంటే, డబ్బు ముట్టిందనే భావించాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని సెక్షన్ 118 చెబుతుంది. ఆ భావన తప్పని మీరు రుజువు చేయవచ్చు, కానీ భారం మీదే. అది అసలు దావాలో చెప్పుకోవాల్సిన వాదన. రద్దు విచారణలో, మీకు చెప్పుకోదగిన వాదన ఒకటి ఉందని కనిపిస్తే చాలు. ఊరికే కాలయాపన కోసం వచ్చారనే అనుమానం పోతుంది.

అందుకే పిటిషన్‌తో పాటే జవాబు దావాను, అంటే రిటన్ స్టేట్‌మెంటును సిద్ధం చేయించి దాఖలు చేయండి. మీ చిత్తశుద్ధికి అంతకన్నా మంచి రుజువు లేదు.

ఈలోగా జప్తు, అరెస్టు ఆగుతాయా?

పిటిషన్ వేసినంత మాత్రాన ఆగవు. అమలు పిటిషన్, అంటే ఇ.పి. నడుస్తుంటే దాన్ని నిలిపివేయమని వేరుగా పిటిషన్ వేసి ఉత్తర్వు తెచ్చుకోవాలి. కొంత సొమ్ము జమ చేయమనే షరతు కోర్టు పెట్టవచ్చు.

భయం ఎక్కువ, సమాచారం తక్కువ ఉన్న చోటు ఇదే కనుక కొన్ని విషయాలు సూటిగా చెబుతాను. డబ్బు డిక్రీకి ఆడవారిని అరెస్టు చేయకూడదు, ఇది సెక్షన్ 56. మగవారినైనా కట్టే స్తోమత ఉండి ఎగ్గొడుతున్నప్పుడో, ఆస్తి దాచేస్తున్నప్పుడో, అలాంటి కారణాలను కోర్టు విచారించి నమోదు చేశాకే జైలుకు పంపాలి. పేదరికం వల్ల కట్టలేకపోవడం నేరం కాదని జాలీ జార్జ్ వర్గీస్ కేసులో (1980) సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. జీతం జప్తులో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. లెక్కకు వచ్చే జీతం 25,000 అయితే నెలకు 8,000కు మించి పట్టుకోలేరు. పింఛను, ప్రావిడెంట్ ఫండు, రైతు నివసించే ఇల్లు, వ్యవసాయ పనిముట్లు, చేతివృత్తివారి పనిముట్లు జప్తు నుంచి మినహాయింపు ఉన్నవి. ఇవన్నీ సెక్షన్ 60లో ఉన్నాయి. అయితే మినహాయింపు వర్తిస్తుందని ఇ.పి.లో హాజరై చెప్పుకోవాలి. అక్కడా గైర్హాజరైతే ఇంకో తప్పు చేసినట్టే.

రద్దు కావాలంటే డబ్బు కట్టాలా?

సాధారణ దావాల్లో, అంటే ఓ.ఎస్. నంబరు ఉన్నవాటిలో, అది కోర్టు విచక్షణ. అవతలివారికి ఖర్చులు చెల్లించమని గానీ, డిక్రీ మొత్తంలో కొంత జమ చేయమని గానీ షరతుతో రద్దు చేయవచ్చు. ఫలానా తేదీలోగా అని రాస్తే ఆ తేదీలోగా కట్టి, రసీదుతో మెమో దాఖలు చేయాలి. లేకపోతే గెలిచిన పిటిషన్ కూడా చేజారిపోతుంది. కట్టలేని పరిస్థితి వస్తే గడువు తీరకముందే పొడిగింపు అడగండి.

స్మాల్ కాజ్ కేసుల, అంటే చిన్న మొత్తాల దావాల సంగతి వేరు. కేసు నంబరు ముందు ఎస్.సి. అని ఉంటే వెంటనే అప్రమత్తం కావాలి. ప్రొవిన్షియల్ స్మాల్ కాజ్ కోర్ట్స్ చట్టం, 1887లోని సెక్షన్ 17 ప్రకారం, రద్దు పిటిషన్ వేసేటప్పుడే డిక్రీ మొత్తం జమ చేయాలి లేదా పూచీకత్తు ఇవ్వడానికి ముందుగానే అనుమతి అడగాలి. ఇది తప్పనిసరి అని కేదార్‌నాథ్ కేసులో (2002) సుప్రీంకోర్టు తేల్చింది. ఎంత మంచి కారణం ఉన్నా, ఈ ఒక్క మెట్టు దాటకపోతే పిటిషన్ నిలవదు.

బోనులో నన్ను ఏం అడుగుతారు?

ప్రతి పిటిషన్‌లోనూ సాక్ష్యం ఉండదు. కొన్నిచోట్ల ప్రమాణపత్రం, దానికి అవతలివారు ఇచ్చే జవాబు, అంటే కౌంటరు చూసి, వాదనలు విని నిర్ణయిస్తారు. కానీ సమన్ల మీద వివాదం ఉంటే మిమ్మల్ని సాక్షిగా విచారించే అవకాశం ఎక్కువ. అవతలి లాయరు ఇలాంటి ప్రశ్నలు వేస్తారు:

‘దావాకు ముందు లాయరు నోటీసు అందుకున్నారా? జవాబు ఇచ్చారా?’ ‘వాదపత్రంలో ఉన్న చిరునామా, మీ ఆధార్‌లో ఉన్న చిరునామా ఒకటే కదా?’ ‘ఈ కార్డు మీద సంతకం మీ భార్యదే కదా?’ ‘మీకు బాగాలేదన్న నెలలోనే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి భూమి రాసిచ్చారు కదా?’ ‘డిక్రీ పడిన సంగతి మీకు ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు?’

చివరి ప్రశ్నకు ప్రమాణపత్రంలో ఒక తేదీ రాసి, బోనులో మరో తేదీ చెప్పి కేసు పోగొట్టుకున్నవారు ఎందరో. విచారణ ముందు రోజు రాత్రి మీ ప్రమాణపత్రాన్ని నిదానంగా చదవండి. చదువు రాకపోతే ఇంట్లో పిల్లలతో చదివించుకుని వినండి. అందులో మీకు తెలియని మాట ఉంటే తెల్లవారగానే లాయరుకు చెప్పండి.

జవాబు తెలుగులోనే చెప్పవచ్చు. అడిగినదానికే చెప్పండి. గుర్తులేకపోతే గుర్తులేదనండి. అప్పు గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కానీ కోపం తెచ్చుకుని వాదిని తిట్టకండి.

విచారణ రోజు ఎలా వెళ్లాలి?

ఉదయం పదిన్నరకు ముందే కోర్టు హాలు దగ్గర ఉండండి. మొదట కాల్ వర్కులో కేసుల పేర్లు పిలుస్తారు. టీ తాగడానికి వెళ్లిన పది నిమిషాల్లో మీ పేరు పిలిచి వెళ్లిపోవచ్చు. గైర్హాజరు వల్ల వచ్చిన డిక్రీని రద్దు చేయమని అడుగుతూ మళ్లీ గైర్హాజరైతే ఇక చెప్పుకోవడానికి మాటలుండవు. అసలు కాగితాలు, వాటి జిరాక్సులు, గుర్తింపు కార్డు, సాక్షులు ఉంటే వారినీ వెంట తీసుకెళ్లండి. వాయిదా పడితే తదుపరి తేదీని మీ చేత్తో మీ పుస్తకంలో రాసుకోండి.

నేను విదేశంలో ఉన్నాను. మా ఊరి ఇంటి తలుపుకు అంటించి డిక్రీ తెచ్చారు. ఏం చేయాలి?

అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉన్నవారి నుంచి ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. పాస్‌పోర్టు మీద రాకపోకల ముద్రలు, వీసా, ఉద్యోగ పత్రాలు మీ పక్షాన బలమైన రుజువులు. మీరు విదేశంలో ఉన్నారని వాదికి తెలుసని చూపగలిగితే, ఉదాహరణకు అక్కడి నుంచి ఆయన ఖాతాకు డబ్బు పంపిన వివరాలు ఉంటే, అవి ఇంకా విలువైనవి. ప్రమాణపత్రాన్ని భారత రాయబార కార్యాలయంలో గానీ కాన్సులేట్‌లో గానీ ధ్రువీకరించి పంపవచ్చు. నమ్మకమైన బంధువుకు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి కేసు నడపవచ్చు. అయితే సమన్లు మీకు తెలిశాయా లేదా అన్నది మీ సొంత ఎరుకకు సంబంధించిన విషయం. దాని మీద మీ బదులు బంధువు సాక్ష్యం చెబితే బలం ఉండదు. వీడియో ద్వారా సాక్ష్యం చెప్పడానికి అనుమతి అడగమని మీ లాయరును కోరండి.

అప్పు మా నాన్నగారిది. ఆయన చనిపోయారు. నా మీద ఇ.పి. వేశారు.

తండ్రి అప్పుకు వారసులు ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. మీ స్వార్జితానికి సంబంధం లేదు. దావా వేసిన నాటికే ఆయన చనిపోయి ఉంటే ఆ డిక్రీ అసలు చెల్లదు కనుక, మరణ ధ్రువపత్రం తేదీని దావా తేదీతో పోల్చి చూడండి. జామీను ఉన్నవారి సంగతి వేరు. నోటుకు జామీను సంతకం పెడితే అసలు బాకీదారుతో సమానంగా బాధ్యత ఉంటుంది.

లాయరును పెట్టుకునే స్తోమత లేదు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారికి ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 చెబుతోంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవా కమిటీ కార్యాలయం ఉంటుంది, లేదా 15100కు ఫోను చేయండి. సహాయం అడగడానికి సిగ్గుపడి గడువు దాటనివ్వకండి.

పిటిషన్ కొట్టేస్తే దారి లేదా?

ఉంది. రద్దు పిటిషన్ తిరస్కరణపై ఆర్డర్ 43 కింద సివిల్ మిసిలేనియస్ అప్పీలు వేయవచ్చు. ఏకపక్ష డిక్రీపైనే సెక్షన్ 96(2) కింద మామూలు అప్పీలు వేసే హక్కు కూడా ఉంది. రెండు దారులూ ఒకేసారి పట్టవచ్చని భాను కుమార్ జైన్ కేసులో (2005) సుప్రీంకోర్టు చెప్పింది. తేడా ఏమిటంటే, మామూలు అప్పీలుకు దావా విలువను బట్టి కోర్టు ఫీజు పూర్తిగా కట్టాలి, అక్కడ రికార్డులో ఉన్న వాది సాక్ష్యంపైనే వాదించాలి. పైగా ఆ అప్పీలు ఉపసంహరణ కాకుండా మరే విధంగా ముగిసినా, ఆ తర్వాత రూల్ 13 పిటిషన్ వేయడానికి వీల్లేదు. కాబట్టి వరుస తప్పకండి, ముందు రూల్ 13 పిటిషన్ వేయండి.

ఇల్లు వేలం కూడా అయిపోయింది. ఇప్పుడు డిక్రీ రద్దయితే తిరిగి వస్తుందా?

డిక్రీదారే, అంటే డిక్రీ పొందిన వాదే వేలంలో కొనుక్కుని ఉంటే సెక్షన్ 144 కింద తిరిగి ఇవ్వమని అడగవచ్చు. సంబంధం లేని మూడో వ్యక్తి మంచి విశ్వాసంతో కొంటే చట్టం సాధారణంగా ఆయనను కాపాడుతుంది. వేలం జరిగి 60 రోజులు కాకపోతే, ప్రకటనలో చూపిన బాకీ మొత్తం, కొన్నవారికి కొనుగోలు ధరపై 5 శాతం జమ చేసి ఆర్డర్ 21, రూల్ 89 కింద వేలాన్ని రద్దు చేయించుకునే మార్గం ఉంది. ఈ 60 రోజులు చాలా విలువైనవి.

నాది చిట్టీ బాకీ, బ్యాంకు బాకీ. ఇదంతా వర్తిస్తుందా?

ముందు ఆ ఉత్తర్వు ఎవరిచ్చారో చూడండి. చిట్ రిజిస్ట్రార్ ఇచ్చినదైతే, ఆర్బిట్రేటర్ అవార్డు అయితే, డెట్ రికవరీ ట్రిబ్యునల్ ఉత్తర్వు అయితే వాటి చట్టాలు, గడువులు వేరు. లోక్ అదాలత్ అవార్డుకు ఆర్డర్ 9 వర్తించదు. చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కేసు, దీనితో సంబంధం లేదు. సివిల్ కోర్టులోనే ఆర్డర్ 37 కింద వేసిన సమ్మరీ దావా (త్వరగా తేల్చే పద్ధతిలో నడిచేది) అయితే అదే ఆర్డర్‌లోని రూల్ 4 కింద ప్రత్యేక పరిస్థితులు చూపాలి.

రద్దు చేశారు. ఇక నిశ్చింతేనా?

దావా మళ్లీ పాత నంబరుతో బతుకుతుంది. ఇప్పుడు అప్పు గురించి చెప్పుకోవాల్సినదంతా చెప్పుకునే సమయం. రాజీకి వీలుంటే కూడా ఇదే మంచి సమయం. అసలు, న్యాయమైన వడ్డీ వాయిదాల్లో కడతానంటే చాలామంది వాదులు ఒప్పుకుంటారు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే వాదికి కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది కనుక ఆయనకూ ఆసక్తి ఉంటుంది.

ఆ ఉత్తర్వు వచ్చిన రోజు కోర్టు వదిలి వెళ్లేముందు మూడు విషయాలు బెంచి క్లర్కును అడిగి రాసుకోండి: షరతు మొత్తం ఎంత, ఏ తేదీలోగా కట్టాలి, దావా తదుపరి వాయిదా ఎప్పుడు. ఇ.పి. వేరే కోర్టులో నడుస్తుంటే, రద్దు ఉత్తర్వు సర్టిఫైడ్ నకలును అదే వారంలో అక్కడ దాఖలు చేయించండి. మీరు చెప్పేదాకా డిక్రీ రద్దయిన సంగతి ఆ కోర్టుకు తెలియకపోవచ్చు.